పులి ఎందుకు కనిపించదు? జూల చరిత్ర, ఆకర్షణ

క్లుప్తంగా: జూకు వెళ్లి పులిని చూడకుండానే తిరిగి రావడం చాలామందికి ఎదురవుతోంది. దీనికి ప్రధాన కారణం ఆవరణల నిర్మాణం మారడం. ఇనుప బోను పోయి కందకం వచ్చింది, కందకం వెనక చెట్లూ పొదలూ పెరిగాయి. జంతువుకు దాక్కునే చోటు దొరికినకొద్దీ చూపరికి దాని దర్శనం కష్టమైంది. జంతువుల దినచర్య తెలిసి, వేళ చూసుకుని వెళ్తే ఆ కష్టం చాలావరకు తగ్గుతుంది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పెద్ద జూ ఒక్కటీ లేదు. అయినా ఏటా దసరా నుంచి సంక్రాంతి దాకా ఇక్కడి బడుల నుంచి బయల్దేరే విహారయాత్రల్లో జూ లేని యాత్ర అరుదు. కర్నూలు వాళ్లు హైదరాబాదు నెహ్రూ జూపార్కుకు పోతారు. అనంతపురం బస్సులు బెంగళూరు దాటి బన్నేరుఘట్టకు వెళ్తాయి. కడప కుటుంబాలు కొండకు పోయి స్వామి దర్శనం చేసుకుని, తిరుగు ప్రయాణంలో తిరుపతి జూ చూసుకుని వస్తాయి.

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో ఎలుగుబంటి కొత్త జంతువేమీ కాదు. గుట్టల మీది నుంచి చేలల్లోకి దిగుతుంది, రాత్రి కాపలాకు పోయే రైతుకు దాని భయం ఉండనే ఉంటుంది. ఆ రైతు కుటుంబమే రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి, టికెట్టు కొని, అదే ఎలుగుబంటిని పిల్లలకు చూపిస్తుంది. చేలో ఎదురైతే పారిపోవాల్సిన జంతువును ఇక్కడ నిలబడి తేరిపార చూడొచ్చు. జూ ఆకర్షణకు మూలం ఈ నిబ్బరమే. దాన్ని కల్పించే పద్ధతి మాత్రం రెండు వందల ఏళ్లలో చాలా మారింది.

రాజుల కొలువు నుంచి రైలు స్టేషను పక్కకు

జంతువులను పోగేసి పెట్టుకోవడం రాజులకు పాత అలవాటు. విజయనగర ప్రభువుల ఏనుగులు యుద్ధానికీ, ఊరేగింపుకూ పనికొచ్చేవి. హంపిలో 11 గదుల గజశాల ఇప్పటికీ నిలిచి ఉంది. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవంలో బారులు తీరిన ఏనుగుల సంబరాన్ని వర్ణించాడు. జనం చూసేవాళ్లే, కానీ పండగ నాడు, రాజు చూపించినంత మేరకే.

ఐరోపాలోనూ మొదట ఇదే పరిస్థితి. వియన్నాలో 1752లో మొదలైన షోన్‌బ్రున్ జంతుశాల రాజకుటుంబపు తోటలో భాగం. ఇప్పటికీ నడుస్తున్న జూలలో అదే అతి పాతది. 1828లో తెరిచిన లండన్ జూ మొదట్లో శాస్త్రజ్ఞుల సంఘం సభ్యులకూ వాళ్ల అతిథులకూ పరిమితం. డబ్బు కట్టిన వాళ్లందరినీ 1847 నుంచి రానిచ్చారు. టికెట్టు కొన్న మనిషికి జంతువును చూసే హక్కు వచ్చిందంటే, చూపించాల్సిన బాధ్యత జూ మీద పడినట్టే. తర్వాతి మార్పులన్నీ ఈ ఒప్పందం చుట్టూ తిరిగినవే.

ఈ మార్పు రాయలసీమకు మద్రాసు దారిలో వచ్చింది. 1855లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్వర్డ్ బాల్ఫోర్, కర్ణాటక (ఆర్కాటు) నవాబు ఇచ్చిన జంతువులతో మ్యూజియం ఆవరణలోనే జూ మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు దాన్ని సెంట్రల్ స్టేషన్ దగ్గరున్న పీపుల్స్ పార్కుకు మార్చారు. 1871 నాటికి మద్రాసు రైలు మార్గం కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరింది. అప్పట్లో దత్తమండలాలు అని పిలిచే రాయలసీమ మనిషి కోర్టు పని మీదో, బేరం మీదో మద్రాసు వెళ్లి రైలు దిగితే నడక దూరంలోనే పులి ఉండేది. ఆ జూ 1985లో ఊరి బయట వండలూరుకు తరలిపోయింది. మైసూరు మహారాజు 1892లో పెట్టిన జూ మాత్రం నగరంలోనే ఉండిపోయింది. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ అనే బాగ్-ఎ-ఆమ్‌లో ఉన్న జంతువులను మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లోకి మార్చి, 1963 అక్టోబర్ 6న నెహ్రూ జూను తెరిచారు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర జూ 1987లో, శేషాచలం కొండల అడుగున మొదలైంది. పాత జూలు ఊరి మధ్యలో, కొత్తవి ఊరి చివరో అడవి అంచునో ఉన్నాయి. జంతువుకు ఎక్కువ నేల కావాలన్న ఆలోచన బలపడడమే దీనికి కారణం.

బోను పోయి కందకం వచ్చింది

పాత పద్ధతిలో వరసగా ఇనుప ఊచల బోనులు, సిమెంటు నేల, వెనక చిన్న గది. కడగడం తేలిక, జంతువు ఎప్పుడూ కళ్ల ముందే. అది తప్పుకోవడానికి మూల కూడా ఉండదు. ఆ బోనుల్లో పులి గంటల తరబడి అదే దారిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తచ్చాడుతూ, ఒకే చోట తల తిప్పుతూ ఉండేది. చూపరులు దాన్ని హుషారు అనుకునేవాళ్లు. నిజానికి అది చేయడానికి పనిలేక, తప్పించుకునే దారిలేక పట్టుకునే జబ్బులాంటి అలవాటు. అడవిలో పెద్ద విస్తీర్ణం తిరిగే మాంసాహార జంతువుల్లో ఇది ఎక్కువ.

ఊచలు తీసేయాలన్న ఆలోచనను ఆచరణలో పెట్టినవాడు జర్మనీ జంతు వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్. పులులు, సింహాలు ఎంత ఎత్తు ఎగరగలవో, ఎంత దూరం దూకగలవో కొలిచి, అంతకు మించిన కందకం తవ్వితే గోడ అక్కర్లేదని అతను తేల్చాడు. 1907లో హాంబుర్గ్ శివారు స్టెల్లింగెన్‌లో ఆ లెక్కతోనే జూ కట్టాడు. దూర దేశాల మనుషులను కూడా జంతువుల్లా ప్రదర్శనకు పెట్టిన చెడ్డ చరిత్ర ఇదే మనిషిది. అది చెప్పకుండా కందకాన్ని మెచ్చుకోవడం సరికాదు. 1959లో తెరిచిన ఢిల్లీ జూ రూపకల్పనలో ఇతని మనవడి చెయ్యి ఉంది. హైదరాబాదులోనూ బోనుల బదులు కందకాల ఆవరణలే కట్టారు.

కందకం పని చేసే తీరు గమనించదగ్గది. పొడి కందకాన్ని నిలువుగా కోస్తే ఒక వైపు వాలు, ఒక వైపు నిట్టనిలువు గోడ కనిపిస్తాయి. వాలు జంతువు వైపు, గోడ మనుషుల వైపు ఉంటాయి. కాలుజారి పడిన జంతువు తన వైపుకే ఎక్కి పోగలదు. వాలు అడుగున నిలబడితే పరుగు తీసి ఎగరడానికి చోటుండదు. నీళ్ల కందకంలో లెక్క వేరు. పులి చక్కగా ఈదుతుంది కాబట్టి నీళ్లు దాన్ని ఆపవు. లోతు నీళ్లలో కాలికి ఊతం దొరకదు, ఊతం లేనిదే ఎదుటి గోడ మీదికి దూకలేదు. ఆపేది ఇదే. ఏనుగు విషయం మరీ సున్నితం. అంత బరువుతో లోతైన కందకంలో పడితే కాలు విరుగుతుంది, లేపడం మహా కష్టం.

కందకం చూపు కిందికి ఉంటుంది కాబట్టి చూపరికి అడ్డు కనిపించదు. అందం అదే, ప్రమాదమూ అదే. ఊచలు కనిపిస్తే మనిషికి భయం గుర్తుంటుంది. పచ్చిక, రాయి, పడుకున్న సింహం మాత్రమే కనిపిస్తుంటే ఆ భయం మెత్తబడుతుంది. 2014 సెప్టెంబరులో ఢిల్లీ జూలో తెల్లపులి ఆవరణ కందకంలో పడిన యువకుడు, 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఆవరణలోకి దిగిన సందర్శకుడు ప్రాణాలు కోల్పోయారు. కందకానికి ఇవతల ఉండే రెండో కంచె, దాని ముందు వదిలిన ఖాళీ స్థలం అలంకారానికి పెట్టినవి కావు. సెల్ఫీ కోసం పిల్లవాడిని పిట్టగోడ మీద కూర్చోబెడితే ఈ మొత్తం ఏర్పాటునూ దాటేసినట్టే.

1972 వన్యప్రాణి రక్షణ చట్టాన్ని 1991లో సవరించి జూల కోసం ప్రత్యేక అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. జూ నియమాల్లో పులుల జంటకు తిరిగే ఆవరణ కనీసం 1000 చదరపు మీటర్లు, చిరుతల జంటకు 500 చదరపు మీటర్లు. పులి రాత్రి గది 2.75 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. వెయ్యి చదరపు మీటర్లంటే దాదాపు పాతిక సెంట్లు. అంత నేలలో చెట్లు, పొదలు, నీటి గుంట పెట్టాక పులి తనకిష్టమైన మూల వెతుక్కుంటుంది. ఆ మూల చూపరి నిలబడే వైపే ఉండాలని ఎక్కడా లేదు.

పులి దినం ఎలా గడుస్తుంది

చోటుతో పాటు వేళ కూడా చూడాలి. ఉదయం కీపర్ వచ్చి ముందు రాత్రి గదుల తాళాలు బయటి నుంచే సరిచూస్తాడు. లోపలికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచుతాడు. బయటి రోగాలు లోపలికి పోకూడదని ఆ ఏర్పాటు. ప్రతి గదిలో జంతువును చూసి లెక్క సరిపెట్టుకుంటాడు. రాత్రి పెట్టిన మాంసం ఎంత మిగిలింది, పేడ గట్టిగా ఉందా పలచగా ఉందా, నడకలో కుంటు ఉందా అన్నది గమనిస్తాడు. పశువైద్యుడికి అందే మొదటి కబురు ఇదే. తర్వాత ఖాళీ ఆవరణ చుట్టూ తిరిగి కంచె తెగిందా, కొమ్మ విరిగి కందకం మీద వంతెనలా పడిందా అని చూడాలి. అంతా సరిగా ఉంటేనే నడవా నుంచి తలుపు పైకి లాగుతాడు. జంతువు బయటికి పోయాక తలుపు దించి, తాళం వేసి, ఆ తర్వాతే గది కడగడానికి లోపల అడుగు పెట్టాలి. జూలలో జరిగే ఘోర ప్రమాదాలకు ఈ వరసలో ఒక్క తాళం మరిచిపోయినా చాలు.

బయటికి వచ్చిన పులి మొదటి గంటా గంటన్నర ఆవరణంతా కలియతిరుగుతుంది. చెట్లకు మూత్రం చిమ్ముతుంది, బెరడు గీరుతుంది. నిన్నటి వాసన తగ్గిందని మళ్లీ తన హద్దు గుర్తు వేసుకోవడం అది. ఎండెక్కాక నీడకో నీళ్లలోకో చేరి పడుకుంటుంది. పులి రోజులో పదిహేను గంటలకు పైగా విశ్రాంతిలోనే ఉంటుంది. అడవిలోనూ ఇంతే. సాయంత్రం నాలుగు దాటితే రాత్రి గది తలుపు దగ్గర తచ్చాడుతుంది, ఎందుకంటే మాంసం పెట్టేది లోపలే. పెద్ద పులికి రోజుకు సుమారు 8 నుంచి 10 కిలోల మాంసం ఇస్తారు, వారంలో ఒక రోజు పస్తు పెడతారు. అడవిలో రోజూ వేట దొరకదు కాబట్టి దాని కడుపు అందుకు తగ్గట్టే ఉంటుంది. రోజూ పెడితే కొవ్వు పడుతుంది.

కాబట్టి గేటు తెరిచిన గంటలోపు, మళ్లీ మూసే ముందు గంటలో పులి కనిపించే అవకాశం ఎక్కువ. సమస్య ఏమిటంటే, దూరం నుంచి వచ్చే బస్సులు సరిగ్గా పదకొండున్నరకు చేరతాయి. పులి నిద్రకు ఉపక్రమించే వేళ అది. జింకలు, ఏనుగులు, నీటి గుర్రాలు పగలంతా ఎలాగూ కనిపిస్తాయి. వాటిని మధ్యాహ్నానికి వదిలి, ముందు పులులు, చిరుతలు, ఎలుగుల వైపు నడవడం మేలు.

రాత్రి తిరిగే జంతువుల కోసం మరో ఉపాయం ఉంది. నెహ్రూ జూలో 1982లో తెరిచిన నిశాచర జంతుశాలలో పగలూ రాత్రీ తారుమారు చేస్తారు. రాత్రంతా బాగా వెలుతురు పెడతారు కాబట్టి దేవాంగ పిల్లి, పునుగు పిల్లి, గబ్బిలాలు అప్పుడు నిద్రపోతాయి. పగలు మసక దీపాలు పెడితే రాత్రి అనుకుని లేస్తాయి. లోపలికి వెళ్లిన మనిషికి మొదట ఏమీ కనిపించదు, కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. చాలామంది మూడు నిమిషాల్లో బయటికి వచ్చి ‘అన్నీ ఖాళీ గదులే’ అంటారు. ఒక్క ఫోను లైటు వెలిగితే అందరి కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి, జంతువులూ మూలకు పోతాయి.

సఫారీ ఇంకో మార్గం. ఇక్కడ జంతువు బయట తిరుగుతుంది, మనిషే జాలీ బిగించిన బస్సులో కూర్చుంటాడు. హైదరాబాదులో సింహాల సఫారీ 1974లోనే మొదలైంది. బన్నేరుఘట్ట పేరంతా దాని మీదే నిలబడింది. చూపు హామీ ఎక్కువ, చూసే వ్యవధి తక్కువ. అనంతపురం పిల్లలు ఇంటికొచ్చి చెప్పేది బస్సు కిటికీ పక్కన నడిచిన ఎలుగుబంటి గురించే, జూలో గంటసేపు చూసిన జిరాఫీ గురించి కాదు.

జనం చూడాలనుకునేదీ, కాపాడాల్సిందీ

ఏ జూలోనైనా గుంపు పెద్దగా చేరేది తెల్లపులి దగ్గర. అది వేరే జాతి అనీ, మంచు దేశాలదనీ చాలామంది నమ్మకం. రెండూ తప్పే. మామూలు బెంగాల్ పులిలోనే ఒక జన్యువులో మార్పు వల్ల పసుపు రంగు రాదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ మార్పు వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. 1951లో రేవా మహారాజు పట్టించిన మోహన్ అనే తెల్ల పులి పిల్లతో ఈ కథ మొదలైంది. దాన్ని దాని కూతురితోనే జత కలిపితే 1958లో తెల్ల పిల్లలు పుట్టాయి. రక్తసంబంధంలోనే మళ్లీ మళ్లీ జత కలపడం వల్ల బలహీన పిల్లలు పుట్టే ముప్పు పెరిగింది. మెల్లకన్ను ఆ రంగుతోనే వచ్చే లోపం, తెల్లపులిని దగ్గరగా చూస్తే కొన్నింటిలో అది తెలుస్తుంది కూడా. అడవికి తిరిగి పంపే పథకంలో తెల్లపులికి స్థానం లేదు. జూకు ఆదాయం తెచ్చేదీ, జాతిని నిలబెట్టేదీ ఒకటే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

జూ గేటు వెనక ఇంకో లోకం ఉంది. 1998లో కేంద్రం ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. సర్కసుల నుంచి వచ్చిన సింహాలు, పులుల కోసం తిరుపతి, విశాఖపట్నం, బన్నేరుఘట్ట వంటి చోట్ల పునరావాస కేంద్రాలు పెట్టారు. సర్కసు సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిన సంకరాలు. గుజరాత్ గిర్ అడవిలోని ఆసియా సింహాల రక్తంలో అవి కలవకూడదు కాబట్టి వాటికి పిల్లలు పుట్టనివ్వకుండా, ప్రదర్శనకు పెట్టకుండా, ముసలితనం దాకా సాకారు. పల్లెల్లో ముక్కుతాడు వేసి ఎలుగును ఆడించే కలందర్ల ఆట కూడా ఆగిపోయింది. దేశంలో ఆఖరి నాట్యపు ఎలుగుగా చెప్పుకునే ‘రాజు’ అనే ఎలుగును 2009లో బన్నేరుఘట్టకే చేర్చారు. ఊరి వీధిలో ఎలుగును చూసిన తరం పిల్లలనూ మనవళ్లనూ తీసుకుని జూకు పోవడానికి ఇదీ ఒక కారణం. సంతలో, సర్కసు డేరాలో తీరిన కోరిక ఇప్పుడు తీరే చోటు అదొక్కటే.

చూసేవాళ్ల చేతుల్లో ఉన్నది

రోగాలు జంతువు నుంచి మనిషికే కాదు, మనిషి నుంచి జంతువుకూ పోతాయి. 2021 మేలో నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కొవిడ్ సోకినట్టు తేలింది. దేశంలో అలాంటిది అదే మొదలు. కానీ ఏడాది పొడవునా జరిగే నష్టం పాలిథిన్ సంచిది. చిత్రాన్నం తిని పడేసిన కవరుకు ఉప్పు, నూనె వాసన ఉంటుంది. జింక దాన్ని మింగితే నెమరు వేసే జంతువుల మొదటి పొట్టలో చిక్కుకుని అరగదు, బయటికీ పోదు. ఒకదాని మీద ఒకటి పోగై ముద్ద కడుతుంది. కడుపు నిండినట్టుండి మేత మానేసి, జింక రోజురోజుకీ చిక్కిపోతుంది. పోస్టుమార్టం దాకా కారణం తెలియదు. కొన్ని జూలు గేటు దగ్గర నీళ్ల సీసాకు స్టిక్కరు అంటించి డిపాజిట్టు తీసుకుంటాయి, సీసా చూపిస్తే తిరిగిస్తాయి. చూడ్డానికి చాదస్తంగా ఉన్నా పని చేసే పద్ధతి అది.

మూడు దారులు, మూడు రకాల ఇబ్బందులు

జూలకు వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. హైదరాబాదుకు సోమవారం, తిరుపతికీ బన్నేరుఘట్టకూ మంగళవారం. వరస సెలవుల్లో ఇది చూసుకోక గేటు దాకా వెళ్లి తిరిగొచ్చే బస్సులు ఏటా ఉంటాయి.

కర్నూలు నుంచి హైదరాబాదు 210 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా వస్తే ఊళ్లోకి లోతుగా పోకముందే జూ వస్తుంది. ఉదయం ఐదుకు బయల్దేరితే పులి తిరిగే వేళకు చేరొచ్చు. అనంతపురం నుంచి బెంగళూరు దూరం దాదాపు అంతే, కానీ రహదారి నగరానికి ఉత్తరాన దిగుతుంది, బన్నేరుఘట్ట దక్షిణాన ఉంది. నగరం దాటడానికే రెండు గంటలు లెక్కలో వేసుకోవాలి. ముందు రోజు రాత్రి అక్కడికి చేరి ఉదయం మొదటి సఫారీ ఎక్కితే చూసేది రెట్టింపవుతుంది. కడప నుంచి తిరుపతి 140 కిలోమీటర్లు, జూ అలిపిరికి కొన్ని కిలోమీటర్లలోనే. ఇక్కడి చిక్కు దర్శనం వేళతో. దర్శనం ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి వచ్చేవాళ్లకు పొదల నీడ తప్ప పులి దొరకదు. విశాలమైన జూ కాబట్టి ముసలివాళ్లుంటే నడకకు బదులు బ్యాటరీ బండి చూసుకోవాలి. ఏ జూకైనా మార్చి దాటాక పోవడం దండగ. మన ఎండకు మనుషులూ తాళలేరు, నీళ్ల తుంపర్లు, గోనెపట్టల చాటు వదిలి జంతువులూ బయటికి రావు.

సీమ జంతువులు, జూలో లేనివి

సీమ పేరును ప్రపంచానికి చెప్పిన రెండు పక్షులు ఏ జూలోనూ కనిపించవు. కడప లంకమల అడవుల కలివికోడి 1848లో శాస్త్ర లోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో ప్రాణాలతో దొరికింది. అప్పుడు పట్టుకున్న ఆ పక్షి మనుషుల సంరక్షణలో కొద్ది రోజులకే చనిపోయింది. ఏం తింటుందో, ఎలా పెంచాలో తెలియని ప్రాణిని తెచ్చి చూపించడం సాధ్యం కాదు. దాని కోసం చేయగలిగింది పొదల అడవిని కాపాడడమే. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారినీ మార్చాల్సి వచ్చింది. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాల బట్టమేక పిట్ట కథ ఇంకోలా నడిచింది. ఇక్కడ దాదాపు కనుమరుగయ్యాక, రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగించి పెంచుతున్నారు.

జూ వల్ల అడవికి తిరిగి చేరిన ప్రాణి కూడా మన పక్కనే ఉంది. కుందేలంత ఉండే మూషిక జింకను నెహ్రూ జూలో 2010 నుంచి హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో పెంచుతూ వచ్చారు. సంఖ్య పెరిగాక కొన్నింటిని కృష్ణకు అవతలి నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. నేరుగా అడవిలోకి తోలలేదు. ముందు కంచె వేసిన ఆవరణలో ఉంచి, అక్కడి ఆకులూ రాలిన పండ్లూ తినడం అలవాటయ్యాక కంచె తీశారు. జూలో ఆ జింకల్ని పెంచిన చోటికి సందర్శకులను పంపరు. మనిషి అలికిడికి అలవాటు పడ్డ జింకకు అడవిలో చిరుత అలికిడి ప్రమాదంగా తోచదు.